గడప ముందు సీను

మాచర్లలో మ్యాట్నీ మొదలయ్యేసరికి హాలు సగం నిండింది. నిండిన సగంలోనూ ఎక్కువమంది సినిమాలో శవాలుగా నటించినవాళ్ళు, వాళ్ళ చుట్టాలు. దేవిక అందరికన్నా వెనక వరసలో, గోడవారగా కూర్చుని, తెరను కాకుండా జనం తలల్ని చూస్తోంది.

అది ఆమె తీసిన మొదటి సినిమా. పేరు ‘యాభై డిగ్రీలు’. ఒక మే నెలలో పల్నాడు ఎండ యాభై దాటుతుంది. వడదెబ్బకు పిట్టల్లా రాలిపోయిన మనుషులు పొద్దు వాలాక లేచి, దాహంతో ఎవరిళ్ళకు వాళ్ళు నడిచి వస్తారు. వచ్చి సొంతవాళ్ళనే కరుస్తారు. ఇంగ్లీషు సినిమాల్లో జాంబీలని చెప్పే ఈ చచ్చి లేచిన మనుషుల్ని మన ఎండలో, మన చేలగట్ల మీద నడిపించాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. గురజాలలో పుట్టి పెరిగిన అమ్మాయి. హైదరాబాదులో ఎవరెవరి సినిమాలకో ఎడిటింగ్ గదుల్లో పనిచేసి, చివరికి మేనమామ బసవయ్యను పట్టుకుంది. ఆయనకు నరసరావుపేటలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. పార్టీలో తిరుగుతాడు. మేనకోడలు సినిమా తీస్తే ఫ్లెక్సీ మీద తన ఫొటో కూడా పడుతుందని ఒప్పుకున్నాడు. ఇచ్చింది కొంచెమే. ఆ కొంచెంతోనే రెంటచింతలలో, దుర్గి రాళ్ళ క్వారీల్లో షూటింగు లాగించారు. శవాల మొహాలకు ముల్తానీ మట్టి, రక్తానికి బీట్‌రూట్ రసం.

మొదటి శవం క్వారీలోంచి లేచిన క్షణంలోనే హాల్లో ఎవరో గుర్తుపట్టారు.

“ఒరేయ్, అది మన ఏసుబాబురా. ట్రాక్టరు ఏసుబాబు.”

“శవానికి వాచీ ఏందిరా? డ్యూటీకి లేటవుద్దనా?”

హాలంతా గొల్లుమంది. ఆ వాచీని దేవిక షూటింగులో చూడలేదు, ఎడిటింగులో చూడలేదు. ఇప్పుడు తెర మీద తాటికాయంత కనిపిస్తోంది. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. శవాలు గుంపుగా ఊళ్ళోకి వస్తుంటే ఓట్లకొచ్చారన్నారు. ఒక శవం చెప్పు జారిపోతే వెనక్కి తిరిగి తొడుక్కుంది. దానికి ఈలలు వేసి, మళ్ళీ వెయ్యమని అరిచారు. భయపడాలని ఆమె రాసుకున్న ప్రతి చోటా నవ్వారు. పక్కన కూర్చున్న సందీప్, కెమెరా, ఎడిటింగ్ రెండూ అతనే, సీట్లోకి ఇంకా ఇంకా జారిపోతున్నాడు.

అప్పుడు సారమ్మ సీను వచ్చింది.

సారమ్మది రెంటచింతల. యాభై దాటిన మనిషి. భర్త బెంజిమిన్ ఆటో తోలుతాడు. ఆమె కూలికి పోతుంది. శవాల గుంపులో నిలబడటానికి అందరితోపాటు వచ్చిన ఆమెకు, మొహంలో ఏదో కనిపించి, దేవిక ఒక చిన్న వేషం ఇచ్చింది. చచ్చిపోయిన తల్లి ఇంటికొస్తుంది. లోపల కూతురు తలుపు గడియ పెట్టుకుని వణుకుతూ ఉంటుంది. తల్లి తలుపు బద్దలుకొట్టి లోపలికి పోయి కూతుర్ని కరవాలి. కాగితం మీద ఉన్నది అంతే.

షూటింగు రోజు, మొహానికి మట్టి పూయించుకున్నాక, సారమ్మ వచ్చి దేవిక పక్కన నిలబడింది.

“అమ్మా, తలుపు నేను బద్దలుకొట్టలేను.”

“చేతులు నెప్పా పిన్నీ? తలుపు ముందే వదులు చేసి పెట్టాంలే, తోస్తే ఊడొస్తది.”

“నెప్పి కాదు.” ఆమె కొంగు కొసను చేత్తో పట్టుకుంది. “నాకొక బిడ్డ ఉండేదమ్మా. నిర్మలమేరి. ఇంటర్ పరీక్షలు రాసి, ఆ ఏడాది ఏప్రిల్లో మిరప కోతకు పోయింది. ఎండకి కళ్ళు తిరుగుతున్నయ్యని పని మజ్జెలో ఇంటికొచ్చింది. నేను మాచర్లలో బ్యాంకు కాడ ఉన్నా. తాళం చెవి ఎప్పుడూ చూర్లో పెట్టిపోయేదాన్ని. ఆ రోజు మర్చిపోయి కొంగుకే కట్టుకుని పోయా. పిల్ల గొళ్ళెం కొట్టి కొట్టి గడప మీద కూర్చుంది. నేనొచ్చేసరికి కూర్చునే ఉంది. నిద్రపోయిందనుకున్నా.”

దేవిక చేతిలో ఉన్న సీను కాగితం మడిచింది.

“సచ్చి ఇంటికొచ్చినోళ్ళు తలుపు బద్దలుకొట్టరమ్మా,” అంది సారమ్మ. “నన్ను కూర్చోనియ్యి.”

దేవిక సరేనంది. సందీప్‌ను కెమెరా ఆన్ చేసి ఊరుకోమంది. సారమ్మ సందులోంచి నడిచొచ్చింది. గొళ్ళెం పట్టుకుని ఆడించింది. ఆగింది. మళ్ళీ ఆడించింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, కొంగుతో మొహం తుడుచుకుంది. రేగిన జుట్టు వెనక్కి దువ్వుకుని ముడేసుకుంది. లోపలున్న పిల్ల తనను చూసి జడుసుకోకుండా ఉండటానికి అన్నట్టు చీర సర్దుకుంది. ఇక తలుపు తెరుచుకోదని తెలిసినట్టు మెల్లగా గడప మీద కూర్చుని, ద్వారబంధానికి తల ఆనించింది. వడగాలి కొట్టింది. గొళ్ళెం దానంతటదే తలుపుకు తగిలి టింగుమంది. కట్ చెప్పాల్సిన దేవిక చెప్పడం మరిచిపోయింది. లోపల కూతురు వేషం వేస్తున్న నిఖిత, నరసరావుపేట డిగ్రీ కాలేజీ పిల్ల, ఇంకా ఎంతసేపని లోపల్నించి అడిగేదాకా అందరూ అట్లాగే నిలబడిపోయారు.

ఇప్పుడు మాచర్ల హాల్లో అదే సీను. సారమ్మ సందులోకి రాగానే, నవ్వే ఊపులో ఉన్న జనం నవ్వారు. గొళ్ళెం ఆడించినప్పుడు ఒకరిద్దరు నవ్వారు. జుట్టు ముడేసుకుంటున్నప్పుడు ఆ ఒకరిద్దరూ ఆగిపోయారు. ఆమె కూర్చుంది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినపడటం మొదలైంది. ముందు వరసల్లో ఎక్కడో ఒక చంటిబిడ్డ ఏడవబోతే తల్లి గబుక్కున నోరు మూసింది. తెర మీద గాలి, గొళ్ళెం. ఇన్నేళ్ళుగా తను ఏ నిశ్శబ్దం కోసం సినిమాల చుట్టూ తిరిగిందో అది ఇదేనని దేవికకు తెలిసింది.

బాల్కనీలోంచి ఎవడో అరిచాడు.

“అవ్వా, పింఛను రేపిస్తారంట. ఇయ్యాలకి ఇంటికి పో.”

హాలు విరగబడి నవ్వింది. ఇక సినిమా అయిపోయేదాకా ఏ ముసలిమనిషి కనిపించినా పింఛను, పింఛను అని అరుస్తూనే ఉన్నారు.

బయట ఎండలోకి వచ్చాక దేవిక ఎవరి కంటా పడకుండా జారుకోవాలనుకుంది గానీ, కూల్‌డ్రింకుల షాపు కాడ సారమ్మే చెయ్యి పట్టుకుని ఆపింది. క్రిస్మస్‌కు కట్టే చీర కట్టుకుని వచ్చింది. చర్చి వాళ్ళు నలుగురైదుగురు ఆమె వెంట ఉన్నారు.

“క్షమించు పిన్నీ,” అంది దేవిక. “వాళ్ళట్టా అరుస్తారనుకోలేదు.”

“నవ్వితే నవ్వార్లే అమ్మా, జనం కదా. ఆ కుర్రోడు అరవకముందు కాసేపు గమ్మునున్నారు, చూశావా? ఆ గొళ్ళెం చప్పుడు నేనిన్నా. నా పక్కన కూర్చున్నామె ఎవరో ఏందో, నా చెయ్యి పట్టుకుంది.” సారమ్మ మొహంలో వెలుగు ఉంది. “అది చాల్లే. నా బిడ్డను అంతమంది చూసినట్టయింది.”

ఆ మాట అప్పుడు దేవికకు ఎక్కలేదు. చెవుల్లో ఇంకా నవ్వే ఉంది.

సినిమా వారం తిరక్కుండానే హాల్లోంచి లేచిపోయింది. పోయింది కానీ, ఒక ముక్క మిగిలింది. ఆ రోజు హాల్లో ఎవరో ఫోనుతో తీసిన వీడియో అది. తెర మీద గడప ముందు కూర్చున్న సారమ్మ, మీద పింఛను మాట, హాలంతా నవ్వు. అది ఫోన్లలో ఊరూరా తిరిగింది. దాని కింద జనం రాసిన మాటలు దేవిక ఒకటి వదలకుండా చదివింది. ‘సినిమా చూసి నేనూ శవమయ్యా, బయట వాటర్ బాటిల్ కొనుక్కుని లేచా’ అని ఒకడు. ‘డైరెక్టరుకు వడదెబ్బ తగిలినట్టుంది’ అని ఇంకొకడు. అది నిజంగా బాగానే ఉందని ఆమెకూ అనిపించింది, అనిపించినందుకు ఇంకా మండింది.

బసవయ్యకు మాత్రం హుషారు వచ్చింది. మేనకోడల్నీ సందీప్‌నూ కోల్డ్ స్టోరేజీ ఆఫీసుకు పిలిపించి, ఫోను బల్ల మీద పెట్టి ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ తిప్పాడు.

“ఏమే, జనం ఇంత నవ్వుతుంటే నువ్వు మొహం వేలాడేసుకుంటావేంది? యూట్యూబు ఛానలోళ్ళు ఫోన్ చేశారు. కామెడీ సినిమాగా మార్చి ఇస్తే వేసుకుంటామంటున్నారు. మాటలు మార్చు, పాట మార్చు. భయపడనోళ్ళని నువ్వు కొట్టి భయపెడతావా?”

“అది కామెడీ కాదు మామయ్యా.”

“నువ్వు అనుకుంటే కాదు. చూసేవాళ్ళు అనుకున్నారు, అయింది.”

ఆ రోజు ఆమె గట్టిగా వాదించి ఉంటే ఆయన వినేవాడో లేదో తెలియదు. ఆమె వాదించలేదు. తనను చూసి నవ్వేవాళ్ళ గుంపులోకి తనే వెళ్ళి నిలబడితే ఇక తనను చూసి ఎవరూ నవ్వరని ఆమెకు తోచింది. ముందునుంచీ నవ్వించడానికే తీశాం, మీకే అర్థం కాలేదు అన్నట్టు ఉంటే ఈ అవమానం సగం తగ్గుతుంది. అట్లా అనుకున్నాక మనసు తేలికపడింది కూడా.

నరసరావుపేటలో సందీప్ ఫొటో స్టూడియో వెనకగదిలో కూర్చుని మార్చడం మొదలుపెట్టారు. మొదట ఇబ్బందిగా ఉంది, తర్వాత సరదా వచ్చింది. ఏసుబాబు వాచీ చూసుకున్నప్పుడల్లా అలారం మోగేట్టు పెట్టారు. శవాల నడకకు డప్పు వేశారు. నిఖితకు గొంతులు మార్చి మాట్లాడటం వచ్చు. ఒక్కతే పది శవాలకు డబ్బింగ్ చెప్పి ఇద్దర్నీ కడుపుబ్బ నవ్వించింది.

సారమ్మ సీను కాడికి వచ్చాక సందీప్ మౌసు వదిలేశాడు.

“దీన్ని వదిలేద్దామా?”

షూటింగు రోజు సారమ్మ చెప్పిన మాటలు దేవిక ఒక్కతే విన్నది. సందీప్‌కు ఏమీ తెలియదు. కానీ కెమెరా వెనక నిలబడ్డవాడు కనుక ఏదో తెలుసు. అతను అడిగినప్పుడు ఆమె అవునని ఉంటే, ఆ సీనును పక్కన పెట్టేసేవాళ్ళు. బసవయ్య పట్టించుకునేవాడే కాడు.

“అదే కదా వైరల్ అయింది,” అంది దేవిక. “అది లేకపోతే ఎవరు చూస్తారు?”

నిఖిత ముసలిగొంతు పెట్టింది. “తలుపు తియ్యండయ్యో, సచ్చినా నాకు పింఛను రాలేదయ్యో.” జుట్టు ముడేసుకునే చోట పెళ్ళి సన్నాయి వేశారు. కూర్చునే చోట కుర్చీ విరిగిన చప్పుడు వేశారు. గాలినీ గొళ్ళేన్నీ తీసేశారు. నవ్వుకు అవి అడ్డం.

సినిమా యూట్యూబులో పడింది. ఈసారి జనం మెచ్చుకున్నారు. ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వామని రాశారు. మన పల్నాడులో ఇంత తెలివిగల డైరెక్టరు ఉందా అని రాశారు. దేవికను ఒక చానల్ వాళ్ళు ఇంటర్వ్యూ చేస్తే, పింఛను సీను ఐడియా ఎట్లా వచ్చిందని అడిగితే, ఊళ్ళలో చూసిందే కదండీ అని చెప్పి నవ్వింది. ఫోన్లలో పంపుకునే స్టిక్కర్లు సారమ్మ మొహంతో వచ్చాయి. జీతం పడకపోతే ఆ స్టిక్కరు, కరెంటు రాకపోతే ఆ స్టిక్కరు. బసవయ్య పార్టీ గ్రూపులో ఎదుటి పార్టీ వాళ్ళను తిట్టడానికి ఆ స్టిక్కరే పెట్టాడు. ఆయనకు పోటీగా వాళ్ళూ అదే పెట్టారు.

ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

“అమ్మా, నేను బెంజిమిన్ని. సారమ్మ ఇంటాయన్ని.”

“చెప్పండి బాబాయ్.”

“ఆ సినిమాలో మా ఆమె నోటికాడ పెట్టిన మాటలు తియ్యటానికి వీలవుద్దా అమ్మా? ఏమనుకోమాక. నీళ్ళట్యాంకు కాడ పిల్లకాయలు పింఛనవ్వా అంటున్నారు. నాకైతే కోపం రాలా, పిల్లకాయలు కదా. ఆమె చర్చిలో పూజకి పోవటం మానేసింది. కూలికి పిలిచినా పోవట్లా. అడిగితే మాట్టాడదు. నీకు ఫోన్ చేసినట్టు ఆమెకి తెలీదు.”

దేవిక చూస్తానంది. ఫోన్ పెట్టేసింది. మాచర్ల హాలు బయట సారమ్మ అన్న మాట, ఇన్నాళ్ళూ చెవి పక్కనుంచి పోయిన మాట, ఇప్పుడు వచ్చి లోపల కూర్చుంది. నా బిడ్డను అంతమంది చూసినట్టయింది, అంది ఆమె. ఆ బిడ్డను దేవిక ఏం చేసిందో ఇప్పుడు అర్థమైంది.

మర్నాడే రెంటచింతల బస్సెక్కింది. ఎండ అప్పుడే పేలుతోంది. సారమ్మ ఇంటి ముందు రేకుల పందిరి కింద గోనెపట్టా పరుచుకుని మిరపకాయల్లో రంగుపోయిన తాలుకాయలు ఏరుతోంది. దేవికను చూసి లేవలేదు, పొమ్మనలేదు. చెంబుతో నీళ్ళిచ్చి మళ్ళీ పనిలో కూర్చుంది. మిరపకాయల ఘాటుకు దేవిక తుమ్మింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ఘాటువల్ల వచ్చినవే అయినా ఆమె గబగబా తుడుచుకుంది, ఏడుస్తోందని అనుకుంటే బాగుండదని.

“తప్పు చేశాను పిన్నీ.”

సారమ్మ చేతులు ఆగలేదు.

“నీకు చెప్పాను కదమ్మా నేను,” అంది కొంతసేపటికి. “ఇంకెవరికీ చెప్పలా. ఈ వీధిలో వాళ్ళకి పిల్ల పోయిందని తెలుసు గానీ, తాళం చెవి సంగతి తెలీదు. బెంజిమినుకి కూడా తెలీదు. చర్చి ఫాదరు గారికీ నీకూ, అంతే.”

దేవిక చెంబు కింద పెట్టింది.

“నన్ను చూసి నవ్వితే నవ్వనియ్యి. నేను దున్నపోతులా ఉంటాను, నవ్వుతారు. అది నేను కాదు కదమ్మా. అట్టా జుట్టు ముడేసుకునేది నా బిడ్డ. తలుపు తీసేసరికి శుభ్రంగా ఉండాలని. అది పోయినప్పుడు కూడా జుట్టు ముడేసుకునే ఉంది.” తాలుకాయ ఒకటి తీసి పక్కన పడేసింది. “దానికి సన్నాయి వేశారు మీరు.”

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆమె తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

చివరికి దేవిక లేచి నిలబడితే, సారమ్మ మొదటిసారి మొహమెత్తి చూసింది. “మొదట తీసింది ఉంది కదా? మాచర్లలో చూపించింది. అదొకసారి తెచ్చి చూపియ్యి. అది చూశానంటే ఇది మర్చిపోతానేమో.”

“తెస్తాను పిన్నీ,” అంది దేవిక. “రేపే తెస్తాను.”

దారిలోనే సందీప్‌కు ఫోన్ చేసింది.

“దేవికా, ఆ డిస్కులు ఖాళీ చేసి పెళ్ళి వీడియోలకి వాడేశా. కామెడీది ఫైనల్ అయ్యాక అడిగా కదా నిన్ను, పాతది ఉంచాలా అని. అక్కర్లేదన్నావు.”

అన్నదేమో. ఆ రోజుల్లో అడిగినవాటన్నిటికీ అక్కర్లేదనే అంది. హాలుకు పంపిన కాపీ కోసం తిరిగింది. సినిమా ఎత్తేసిన మర్నాడే అక్కడ దాన్ని తుడిచేశారట. హైదరాబాదులో సౌండ్ మిక్సింగ్ చేసినచోట అడిగింది, వాళ్ళ దగ్గరా లేదు. పోయిన డిస్కులోంచి తిరిగి లాగుతాననే కుర్రాడి దగ్గరికి పోతే, వాడు రెండు రోజులు చూసి ఎవరిదో పెళ్ళి ఊరేగింపు తీసి ఇచ్చాడు. మిగిలింది హాల్లో ఎవరో ఫోనుతో తీసిన ముక్క ఒక్కటే. అందులో సగం మనుషుల తలలే. దాని మీద ఆ కేక, ఆ నవ్వు.

బసవయ్యను పట్టుకుని యూట్యూబులోంచి తీయించమంది. సినిమా మొత్తం ఛానల్ వాళ్ళకు రాసిచ్చేశాం, ఇప్పుడు మనం తియ్యమంటే వాళ్ళెందుకు తీస్తారని ఆయన విసుక్కున్నాడు. “అయినా నటించినామెకి కష్టమొస్తే వేషం ఎందుకేసిందే?” అన్నాడు. ఆమె మొదటిసారి మేనమామను ఎదిరించింది. గొంతు పోయేదాకా అరిచింది. కోల్డ్ స్టోరేజీ కూలీలు పని ఆపి చూశారు. అయినా ఏమీ కాలేదు. ఎదిరించాల్సిన రోజు దాటిపోయింది.

చివరికి చెయ్యగలిగిందొకటే చేసింది. కామెడీ సినిమాలోంచి ఆ సీనును విడిగా తీసి, సన్నాయి, ముసలిగొంతు, కుర్చీ చప్పుడు అన్నీ కలిసిపోయి ఉన్నాయి కనుక శబ్దం మొత్తం తీసేసి, బొమ్మను మాత్రం ఫోన్లో పెట్టుకుని మళ్ళీ రెంటచింతల పోయింది. రేపు తెస్తానన్న మనిషి నెల దాటాక వచ్చింది. బెంజిమిన్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. కుర్చీ వేశాడు.

సారమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని, ఎండ పడకుండా కొంగు కప్పుకుని చూసింది. సందులోంచి తను నడిచి రావడం. గొళ్ళెం ఆడించడం. జుట్టు ముడేసుకోవడం. ఆమె పెదవులు కదిలాయి, ఏమన్నదో వినిపించలేదు. సీను అయిపోయాక అట్లాగే పట్టుకుని కూర్చుంది.

“గాలి ఏదమ్మా?” అంది.

“పోయింది పిన్నీ. దొరకలేదు.”

“గొళ్ళెం చప్పుడు?”

“అదీ పోయింది.”

సారమ్మ తల ఆడించింది. “పిల్ల గొళ్ళెం కొట్టుంటది కదా, ఎవరూ ఇనుండరు. మాచర్లలో అంతమంది ఇన్నారు.” ఇంకేదో అనబోయి భర్త వైపు చూసి ఊరుకుంది.

దేవిక ఆ ఊళ్ళోకి వస్తూ దారంతా అనుకున్న మాట చెప్పింది. “మళ్ళీ తీద్దాం పిన్నీ. సినిమా కోసం కాదు. నువ్వూ నేనూ సందీపూ, అంతే. గాలికీ గొళ్ళేనికీ మంచి మైకు తెస్తాను. ఎవరికీ చూపించను. నీకే ఇస్తాను.”

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఒక క్షణం ఒప్పుకుంటుందేమోనని దేవికకు ఆశ కలిగింది.

“లేదమ్మా,” అంది సారమ్మ. “ఆ రోజు కూర్చున్నప్పుడు నేను వేషం కట్టినట్టు లేదు. ఇప్పుడు కూర్చుంటే, కెమెరా ఏడుందా అని చూసుకుంటా. ముడి సరిగ్గా పడిందా అని చూసుకుంటా. అది నటన అయిపోద్ది. ఒద్దులే.”

ఫోన్ తిరిగి ఇచ్చేసింది. బెంజిమిన్‌కు ఏం జరుగుతోందో సగమే అర్థమైంది. మజ్జిగ తెస్తానని లోపలికి పోయాడు. మజ్జిగ వచ్చింది. తాగాక దేవిక లేచింది. సారమ్మ వీధి మలుపు దాకా తోడు వచ్చింది, మరి ఎందుకో. కోపం పోయిందనటానికి లేదు. మళ్ళీ రమ్మనలేదు.

ఎండాకాలం గడిచింది. స్టిక్కర్లు పాతబడ్డాయి. సారమ్మ మళ్ళీ కూలికి పోతోందని, ఆదివారం పూజకు వస్తోంది గానీ వెనక కూర్చుంటోందని బెంజిమిన్ ఒకసారి ఫోన్‌లో చెప్పాడు. ఛానల్ వాళ్ళు కామెడీగా ఇంకో సినిమా తియ్యమని దేవికను అడిగారు. ఆమె కుదరదంది. సందీప్ స్టూడియోలో పెళ్ళి వీడియోలు కత్తిరిస్తోంది. ఏ పెళ్ళి వీడియో అయినా, ఎంత పాతదైనా, తుడిచేద్దామా అని అతను అడిగితే వద్దంటోంది. డిస్కులు బీరువా నిండి కింద కూడా పేరుకుపోయాయి.

వానలు మొదలైన రోజుల్లో ఒకనాడు, అలవాటుగా ఆ సినిమా కింద జనం రాసినవి చూస్తుంటే, కృష్ణకు అవతల మిర్యాలగూడ మనిషెవరో కొత్తగా రాసింది కనిపించింది.

‘నేను గీ సినిమా మాచర్లల మా బావ ఇంటికొచ్చినప్పుడు టాకీసుల చూసిన. అప్పుడు గా తల్లి సీనుల గీ మాటలు లేవు. గాలి సప్పుడే ఉండె. మా అక్క యాదికొచ్చింది. అసలుది యాడ దొరుకుతది? మా అమ్మకు చూపెట్టాలె.’

దానికి ఎవరూ జవాబు రాయలేదు. కింద ఒకడు మాత్రం సారమ్మ స్టిక్కరు పెట్టాడు.

దేవిక ఆ మాటల్ని రెండోసారి చదివింది. సందీప్ అవతలి గదిలో ఎవరికో పాస్‌పోర్టు ఫొటో తీస్తున్నాడు. తర్వాత ఆమె తన పేరుతోనే, అందరికీ కనపడేట్టు రాసింది.

‘ఎక్కడా దొరకదండీ. దర్శకురాలిని నేనే. మీరు చూసిందే అసలు సినిమా. దాన్ని నేనే పోగొట్టాను. ఆ సీనులో ఉన్నామెది రెంటచింతల, పేరు సారమ్మ. మీరు రాసింది ఆమెకు చదివి వినిపిస్తాను.’

బెంజిమిన్ నంబరు తీసి ఫోన్ చేసింది. అవతల మోగుతోంది. సారమ్మ ఇంట్లో ఉందో లేదో, ఉన్నా తీసుకుంటుందో లేదో ఆమెకు తెలియదు.